ముసురులో చేలో కాపురం: మెరక, పాక, నీళ్లు, నిప్పు

చేలో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు సంక్రాంతి దాటాక మొదలుపెట్టి, మృగశిర కార్తె రాకముందే కప్పు వేసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. కానీ అన్నీ మన వీలును బట్టి జరగవు. రిజిస్ట్రేషన్ శ్రావణంలో అవుతుంది, అద్దె ఇల్లు భాద్రపదంలో ఖాళీ చేయాల్సి వస్తుంది. అలా వానల్లోనే చేలోకి దిగక తప్పనివాళ్ల కోసం ఇది. గుంటూరు చుట్టూ ప్రత్తిపాడు, తాడికొండ, పెదనందిపాడు వైపు నల్లరేగడినీ, తెనాలి, దుగ్గిరాల వైపు కాలువ కింది మాగాణినీ దృష్టిలో పెట్టుకుని రాశాం. ఎర్రనేల అయితే ఇందులో సగం పని తగ్గుతుంది.

అందరూ ముందు కప్పు గురించి ఆలోచిస్తారు. కప్పు కారితే కింద గిన్నె పెట్టుకోవచ్చు. మంచం కింద నేల ఊరడం మొదలైతే మాత్రం రెండో రాత్రికే మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తుంది. అందుకని వరస ఇదీ: ముందు చోటు, తర్వాత మెరక (మట్టి తోలి ఎత్తు చేసిన దిమ్మ), తర్వాత కందకం, ఆ తర్వాతే కప్పు.

చోటు చూసుకోవడం

పక్క చేను రైతును ఒక్కటే అడగండి: "పెద్ద వానకి ఇక్కడ నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి?" తుమ్మ చెట్ల మొదళ్ల మీద ఒండ్రు మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. మరక మోకాలి ఎత్తున ఉంటే మెరక అంతకన్నా అడుగు ఎత్తు ఉండాలి. అంత తోలించే స్తోమత లేకపోతే చోటు మార్చుకోవడమే నయం.

కృష్ణ కరకట్టకు లోపలి వైపు, అంటే నదికీ కట్టకూ మధ్య, ఎంత మంచి ఒండ్రు నేల దొరికినా కాపురం పెట్టకూడదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర దాదాపు 4 లక్షల క్యూసెక్కులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ఏటి పక్కనే కాదు, మురుగు కాలువ పక్కన కొన్నా ఇదే లెక్క.

వాకిలి సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జడి ఎక్కువగా పడమటి గాలితో కొడుతుంది. అక్టోబరు నుంచి తుఫాను వానలు ఈశాన్యం నుంచి వస్తాయి. కాబట్టి తాత్కాలిక పాకకు వాకిలి దక్షిణానికో ఆగ్నేయానికో పెట్టుకుంటే రెండు జడుల నుంచీ తప్పించుకోవచ్చు. ఈశాన్యం తెరిచి ఉండాలన్న వాస్తు రేపు కట్టబోయే పక్కా ఇంటికి చూసుకోండి. కార్తీకంలో ఆ వైపు తెరిచిన పాకలో పొయ్యి వెలగదు.

మెరక తోలించడం

24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు మెరక ఒక చిన్న కుటుంబానికి సరిపోతుంది. పైభాగానికి 864 ఘనపుటడుగుల మట్టి కావాలి. అంచులు నిలువుగా ఉంటే మొదటి వానకే జారిపోతాయి గనక, అడుగు ఎత్తుకు అడుగున్నర చొప్పున వాలు ఇవ్వాలి. ఆ వాలుకు మరో 275 వేసుకోండి. వదులుగా పడ్డ మట్టి దిమ్మిస కొట్టాక దాదాపు ఐదో వంతు దిగిపోతుంది. అంతా కలిపితే 1400 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు సుమారు 100 చొప్పున 14 ట్రక్కులు. తోలేవాళ్లు పది చాలంటారు. పదితో మొదలుపెడితే వాలు దగ్గర కోత పడుతుంది.

దీనికి ఎర్ర గ్రావెల్ వాడాలి. అదే చేలోని నల్లమట్టి ఎత్తి పోస్తే ఖర్చు ఉండదు, మెరకా ఉండదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద చౌకగా దొరుకుతుంది. కానీ పైన అడుగు మందాన గ్రావెల్ కప్పకపోతే అది వానకు కొట్టుకుపోతుంది, ఎండకు లేచి కళ్లలో పడుతుంది. పాత ఇళ్లు కూల్చిన రబ్బీసు అడుగున వేయడానికి మంచిదే. గాజు పెంకులు, మేకులు ఏరేయాలి.

తోలేది తెరిపి దొరికిన రోజుల్లోనే. మూడు నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తేగాని డొంకలో, అంటే చేల మధ్య మట్టిదారిలో, లోడు బండి దిగదు. దిగబడ్డ బండిని లాగడానికి ఇంకో బండి వస్తుంది, అదీ దిగబడుతుంది. దమ్ము చక్రాల (మాగాణి దున్నే ఇనుప చక్రాల) ట్రాక్టరు బయటికి లాగగలదు గానీ దాన్ని తారురోడ్డు ఎక్కించనివ్వరు, డొంకను కూడా దుక్కి చేసి పెడుతుంది. డొంకలో మెత్తగా ఉన్న చోట కంది కట్టె, తాటి మట్టలు బండి దారికి అడ్డంగా పేర్చి, పైన నాలుగు అంగుళాల గ్రావెల్ వేస్తే 14 ట్రక్కులకు నిలుస్తుంది. పొడవుగా పేర్చితే మాత్రం చక్రం రెండు కట్టెల మధ్యకు దిగిపోతుంది.

మట్టి ఒక్కసారే రెండడుగులు పోయకూడదు. ఆరు అంగుళాలు పరిచి, పిడికిట్లో నొక్కితే ముద్దయ్యేంత తడి ఉన్నప్పుడు దిమ్మిస కొట్టి, పైన మరో ఆరు అంగుళాలు. పూర్తిగా నానిన గ్రావెల్‌ని కొడితే గట్టిపడదు, జెల్లీలా ఊగుతుంది. అలా ఊగితే ఒక రోజు ఆరనివ్వండి. పైభాగాన్ని నడుమ రెండు అంగుళాలు ఎత్తుగా, అంచులకు వాలుగా తీర్చండి. చివర రెండు అంగుళాల క్వారీ డస్ట్ పరిస్తే కాలికి బురద అంటదు.

మెరక చుట్టూ, వాలు అంచు నుంచి రెండడుగులు వదిలి, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీయాలి. వంద అడుగుల పొడవుకు అడుగు చొప్పున వాలు. అది కలిసే బోదె కాలువలో, అంటే చేల మధ్య చిన్న కాలువలో, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎటు పారుతుందో ముందే చూసుకోండి. మాగాణిలో బోదె నుంచే నీళ్లు వెనక్కి ఎక్కి మెరక చుట్టూ చేరుతుంటాయి. కలిసే చోట ఆరు అంగుళాల గొట్టం పెట్టి, దాని మూతికి ఇసుక బస్తా సిద్ధంగా ఉంచుకుంటే అవసరమైనప్పుడు మూసేయొచ్చు.

మొదటి రాత్రి పట్టా

పాక లేచేదాకా వారం పది రోజులు పట్టా (టార్పాలిన్) కింద ఉండాలి. మిరప కల్లాల్లో కప్పే పలచటి బరకాలు గాలికి ఆగవు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) టార్పాలిన్, 18×15 అడుగులది కొనండి. 18 అడుగుల వైపు వెడల్పుకు వేసి, నడిమి తాడు ఏడున్నర అడుగుల ఎత్తున, చూర్లు మూడడుగుల ఎత్తున కడితే దాదాపు పదిహేనున్నర అడుగుల వెడల్పు కప్పుతుంది, వాలు 30 డిగ్రీలు వస్తుంది. వాలు తగ్గిస్తే లోపల చోటు పెరిగినట్టే ఉంటుంది గానీ నడుమ నీళ్లు నిలుస్తాయి. ఒక చదరపు మీటరు మీద 5 సెంటీమీటర్ల నీరు నిలిచినా 50 కిలోల బరువు. అర్ధరాత్రి పట్టా చిరిగేది చాలావరకు గాలికి కాదు, ఈ బరువుకే.

పట్టా అంచుల్లోని ఇత్తడి కళ్లకు నేరుగా తాడు కడితే రెండో ఈదురుగాలికే ఊడొస్తాయి. నిమ్మకాయంత నున్నటి గులకరాయిని పట్టా కింద పెట్టి, పైనుంచి పట్టాతో సహా దాని మెడకు తాడు బిగించండి. లాగుడు అంతా గుడ్డ మీద పరుచుకుంటుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, అందుకే సాయంత్రం బిగించింది తెల్లారేసరికి వేలాడుతుంది. పడుకోబోయే ముందు, వాన మొదలైన అరగంటకూ ఒకసారి బిగించాలి.

మేకుల విషయంలో రేగడి నమ్మించి మోసం చేస్తుంది. ఎండలో సమ్మెటకు లొంగని నేల, నానాక వెన్నలా మేకును వదిలేస్తుంది. కాబట్టి మేకుల బదులు, రెండున్నర అడుగుల గొయ్యి తీసి గ్రావెల్ నింపిన గోనెసంచిని అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకు తాడు కట్టి పైకి తీసి పూడ్చండి. నాలుగు మూలలకు నాలుగు, రెండు చివర్లా చెరొకటి. ఆరు సంచులు. తర్వాత పాకను బిగించడానికీ ఇవే పనికొస్తాయి.

పాక

12×18 అడుగుల తాటాకు పాకకు కావలసినవి: నిట్రాడలకు (కొప్పును మోసే నడిమి స్తంభాలకు) 15 అడుగుల సరుగుడు కర్రలు 3, పక్క గుంజలకు 8 అడుగులవి 8, వాసాలకు 11 అడుగులవి 20, కొప్పు దూలానికి 20 అడుగులది ఒకటి, పక్క దూలాలకు అంతే పొడవువి 2, అడ్డబద్దలకు చీల్చిన వెదురు. సరుగుడు బాపట్ల, చీరాల తీరం నుంచి వస్తుంది. నిట్రాడ మొదలు నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. కట్లకు బైండింగ్ వైరు, దాని మీద కొబ్బరి తాడు. వైరు ఒక్కటే అయితే గాలికి ఊగి ఊగి కర్రను కోస్తుంది.

తాటాకుకు వాలు 45 డిగ్రీలు ఉండాలి. అంతకన్నా వాలు తగ్గితే నీరు ఆకు మీద జారదు, ఆకులోకి దిగుతుంది. మొదటి ఏడే కుళ్లుతుంది. 12 అడుగుల వెడల్పుకు పక్క గుంజలు అయిదున్నర అడుగులు నిలబెడితే కొప్పు పదకొండున్నర అడుగులకు వస్తుంది. చూరు రెండడుగులు బయటికి దించితే మనిషి వంగి లోపలికి వెళ్లాల్సి ఉంటుంది. ఆ వంగుడు గురించి విసుక్కోవద్దు. చూరు ఎంత కిందికి దిగితే గాలికి అంత తక్కువ పట్టు దొరుకుతుంది.

నిట్రాడలకు మూడడుగులు, పక్క గుంజలకు రెండున్నర అడుగుల గోతులు. కర్ర మొదలుకు నేలకు అడుగు పైదాకా తారు పూయండి, లేకపోతే చెదలు పడతాయి. గొయ్యిని తీసిన మట్టితో పూడ్చొద్దు. రాళ్లు, గ్రావెల్ కలిపి ఆరేసి అంగుళాలకు గునపం మొనతో కుక్కండి. నల్లమట్టితో పూడిస్తే వేసవిలో బీట కర్ర చుట్టూ తీస్తుంది, తొలకరి నీళ్లు ఆ బీటలోంచే మొదట్లోకి దిగుతాయి. మూలల్లో గుంజ నుంచి దూలానికి ఏటవాలుగా ఊతకర్రలు కొట్టాలి. అవి లేని పాక కూలదు, మొత్తంగా ఒక పక్కకు వాలిపోతుంది.

రేకులు వేసుకోవాలనుకుంటే లెక్క వేరు. మందం అర మిల్లీమీటరుకు తగ్గకూడదు. పక్క రేకు మీదికి ఒకటిన్నర అల, కింది రేకు మీదికి ఆరు అంగుళాలు ఎక్కించాలి. హుక్కు బోల్టు ఎప్పుడూ అల పైమొనలోనే, కింద రబ్బరు వాషర్‌తో. చూరు దగ్గర, కొప్పు దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా బిగించాలి. గాలి ముందు పట్టుకునేది ఆ అంచుల్నే. విజయవాడకు ఇంజినీర్ల లెక్కల్లో మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఏ తాత్కాలిక షెడ్డూ దాన్ని తట్టుకుంటుందని చెప్పలేం. ఎగిరిన రేకు మనిషిని కోస్తుంది, ఎగిరిన తాటాకు కోయదు. ఒక్క ఏడాది కాపురానికి తాటాకే మంచిదని మా మాట.

గోడలకు తడికలు చాలు. వాటి అడుగు నేల నుంచి మూడు అంగుళాలు పైకి ఉంచి, ఆ సందుకు ఇటుకలు పేర్చండి. తడిక నేలను తాకితే ఆ తాకిన చోటు నుంచి పైకి నానుతుంది.

నిప్పు

వానల్లో కట్టెల పొయ్యి మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. 5 కిలోల చిన్న సిలిండరు ఒకటి ఉంచుకుని, అది ముసురు రోజులకే వాడుకోండి. కట్టెలకు ఈ ప్రాంతంలో లోటు లేదు: కంది కట్టె, మిరప కట్టె, పత్తి కట్టె. కంది అన్నిటికన్నా నయం, త్వరగా అంటుకుంటుంది. మిరప కట్టెకు ఎండు కాయలు మిగిలి ఉంటే దులిపేయాలి. లేకపోతే ఆ ఘాటుకు పాకలో ఉన్నవాళ్లంతా దగ్గుతూ వానలోకి పరిగెత్తాలి. పత్తి కట్టెను చేను పక్కన నెలల తరబడి వామి వేయొద్దు, గులాబీ రంగు పురుగు అందులోనే దాక్కుంటుంది.

వామి కింద ఇటుకలు, పైన పట్టా, పక్కలు తెరిచి. పక్కలు కూడా కప్పేస్తే లోపలి తడి పోదు. రేపటి కట్టెలు ఈ రాత్రే పొయ్యి పక్కన చేరాలి. పొయ్యి అడుగున్నర ఎత్తు దిమ్మ మీద, తాటాకు చూరుకు కనీసం నాలుగడుగుల దూరంలో, వేరే చిన్న పందిరి కింద ఉండాలి. చలిగా ఉందని బొగ్గుల కుంపటి పాకలోకి తెచ్చుకుని పట్టాలు దించుకుని పడుకోవడం ప్రాణాంతకం. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

నీళ్లు, దొడ్డి

తాగడానికి మొదట్లో 20 లీటర్ల టిన్నులు తెచ్చుకోవడమే మేలు. గిన్నెలకూ స్నానానికీ పట్టా నీళ్లు పట్టుకోవచ్చు. పైన చెప్పిన పట్టా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 200 లీటర్ల పైన వస్తుంది. మొదటి పది నిమిషాల నీళ్లు వదిలేయండి.

బోరు నీళ్లో బావి నీళ్లో తాగక తప్పకపోతే, బురదగా ఉంటే ముందు పటికతోనో అరగదీసిన చిల్లగింజతోనో తేర్చి, పైతేట వేరే డ్రమ్ములోకి వంపాలి. బురద నీళ్లలో బ్లీచింగ్ పౌడరు వేస్తే మందు బురదకే ఖర్చయిపోతుంది. తేరిన 200 లీటర్లకు పావు టీస్పూను, అంటే సుమారు గ్రాము పౌడరును లోటా నీళ్లలో కలిపి, సున్నం అడుగున దిగాక పైనీళ్లు మాత్రం పోయండి. గంట ఆగి వాడుకోవాలి. పొట్లం విప్పి గాలి తగిలేలా వదిలేసిన పౌడరు వానాకాలంలో త్వరగా చచ్చుబడుతుంది, వాసన ఘాటుగా లేకపోతే పారేయండి. వరదనీళ్లు ఎక్కిన బావి అయితే ఎన్ని చేసినా మరగబెట్టే తాగాలి.

మరుగుదొడ్డి గొయ్యి నీళ్లకు 50 అడుగుల దూరంలో. మాగాణిలో కాలువలు వదిలినన్నాళ్లూ రెండడుగులు తవ్వితే నీళ్లు, సిమెంటు ఒరల గొయ్యి పైదాకా నిండి పొంగుతుంది. రేగడిలో నీళ్లు అసలు ఇంకవు. కాబట్టి పంట కోతలయ్యేదాకా రెండు మూత బకెట్లతో పొడి పద్ధతి మంచిది: వాడిన ప్రతిసారీ రెండు దోసిళ్ల ఊక, ఒక దోసిలి బూడిద. నీళ్లు అందులో పడకూడదు, కడుక్కోవడానికి పక్కన వేరే చోటు. నిండినదాన్ని మెరక చివర గట్టు కట్టిన గుంతలో వేసి మట్టి కప్పండి.

వెలుతురు

వ్యవసాయ కరెంటు సర్వీసు నుంచి తీగ లాగి పాకలో బల్బు పెట్టుకోవడం చాలామంది చేసేదే, తడి రోజుల్లో ప్రాణాలు తీసేదీ అదే. 12 వోల్టుల సోలార్ చాలు. 7 వాట్ల డీసీ బల్బులు మూడు, రోజుకు నాలుగు గంటలు వెలిగితే 84 వాట్-గంటలు. రెండు ఫోన్లకు 30 వేసుకోండి. మూడు రోజులు ఎండ లేకపోయినా నడవాలంటే 342. 12.8 వోల్టులు, 40 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో ఐదింట నాలుగో వంతు వాడినా 400 పైన దొరుకుతుంది. ప్యానెల్ 100 వాట్లు. ముసురులో అది పదో వంతు ఇస్తే గొప్ప, అందుకే డబ్బు ప్యానెల్ మీద కన్నా బ్యాటరీ మీద పెట్టండి. బోరు మోటారు స్టార్టరు పెట్టె నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీతో (కరెంటు లీకయితే దానంతటదే ఆపేసే స్విచ్చితో) ఉండాలి. తడి చేత్తో, ఉత్త కాళ్లతో దాన్ని ముట్టుకోకూడదు.

పాములు, కాళ్లు

చుట్టూ నీళ్లు నిలిస్తే ఎండు చోటు మీ మెరక ఒక్కటే. ఎలకలు ముందు వస్తాయి, వాటి వెనక పాములు. బియ్యం, పప్పు మూతల డ్రమ్ముల్లో పెట్టి, కట్టెల వామి పాకకు ఇరవై అడుగుల దూరంలో ఉంచండి. కింద పడుకోకూడదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, ఆ కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. నవారు మంచం, నాలుగు వైపులా పరుపు కిందికి దోపిన దోమతెర ఉంటే ఈ భయం చాలావరకు తీరుతుంది.

కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా బద్దకట్టి 108కి ఫోన్ చేయండి. డొంకలోకి అంబులెన్సు రాకపోవచ్చు. తారురోడ్డు దాకా మంచం మీద మోసుకెళ్లే నలుగురు ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. గుంటూరు వైపు వాళ్లకు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఉంది.

రోజంతా తడిలో తిరిగితే కాలివేళ్ల సందులు పాచిపోతాయి. సాయంత్రం కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పడుకునేదాకా కాళ్లకు గాలి తగలనివ్వండి. పుండున్న కాళ్లతో మాగాణి నీళ్లలో దిగితే ఎలుక జ్వరం రావచ్చు. వానల్లో జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లెర్రబడటం కలిసి కనిపిస్తే రెండో రోజు దాకా ఆగొద్దు. ఒక జత పొడిబట్టలు, ఒక దుప్పటి మూత డ్రమ్ములోంచి రాత్రి తప్ప తీయకూడదన్న నియమం పెట్టుకోండి.

వాయుగుండం వస్తోందంటే

మచిలీపట్నం ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో వినండి. 8 నుంచి పైకి వెళితే చేలో ఉండే ప్రసక్తి లేదు, ఊళ్లోని పక్కా ఇంటికో బడికో వెళ్లాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇక్కడికి సముద్రం దూరమన్న ధీమా పనికిరాదు.

వెళ్లే ముందు పాక మీద పాత చేపల వల పరిచి, అంచులను ఆ పాతిన గోనెసంచుల తాళ్లకు కట్టండి. పట్టాలు, ప్యానెల్ విప్పి మంచాల కింద పెట్టి, పైన బరువు పెట్టండి. డ్రమ్ములు నీళ్లతో నింపితే ఎగరవు. మోటారు స్టార్టరు కట్టేసి ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే తుఫాను కన్ను మీదుగా పోతున్నట్టు. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా వస్తుంది, ఆ మధ్యలో పాక చూడ్డానికి బయల్దేరొద్దు.

తిరిగొచ్చాక ముందు తెగిన కరెంటు తీగలు ఏమైనా పడ్డాయేమో దూరం నుంచే చూడండి. పొడుగు కర్రతో పాకలో మూలలు, పరుపులు, వామి కదిపి చూశాకే లోపలికి అడుగు పెట్టాలి. నిట్రాడను రెండు చేతులతో ఊపండి. దాని మొదలు దగ్గర వేలు పట్టేంత సందు ఏర్పడితే నీళ్లు తీశాక మళ్లీ గ్రావెల్ కుక్కి ఊతకర్ర మార్చండి. కందకంలో పేరుకున్న ఒండ్రు ఆ రోజే ఎత్తేయాలి, రెండు రోజులాగితే అది గట్టిపడి పార దిగదు.